నువ్వు డాక్టరంట, నేను పేషెంటంట!

చిన్నపిల్లల ఉత్తుత్తి ఆటల మీద మీ సందేహాలు రాయమని పోయిన నెల ఇదే శీర్షికలో అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతిని పదిమంది పదిరకాలుగా అడిగినప్పుడు అందులో ఒక్క ఉత్తరమే తీసుకున్నాను. నా సంగతి తెలియని కొత్త పాఠకుల కోసం: నేను చాలా ఏళ్లు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు టీచర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఇంట్లో మా మనవరాలు ఇచ్చిన వేషమల్లా వేస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఇల్లంతా బొమ్మలే. రిమోట్ కారు, పాటలు పాడే కుక్కపిల్ల, మీట నొక్కితే అక్షరాలు చదివే పలక, ఇంకా రెండు బుట్టల నిండా ఏవేవో. ఒకదాంతో ఐదు నిమిషాలు, ఇంకోదాంతో రెండు నిమిషాలు. తర్వాత "అమ్మా, బోర్" అంటూ నా చుట్టూ తిరుగుతాడు, ఫోన్ అడుగుతాడు. వాడిలో ఊహాశక్తి పెరగాలంటే ఎలాంటి బొమ్మలు కొనాలి మేడమ్?

జవాబు: ఏమీ కొనకండమ్మా. ఉన్నవాటిలోనే సగానికి పైగా తీసి వాడి కంటికి కనపడకుండా పైన పెట్టేయండి. రెండు వారాలకోసారి నాలుగు దింపి, నాలుగు ఎక్కించండి.

అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలను 36 మందిని తీసుకుని, ఒకసారి నాలుగు బొమ్మలున్న గదిలో, ఇంకోసారి పదహారు బొమ్మలున్న గదిలో ఆడుకోనిచ్చారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు గడిపారు, దాంతో ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోవడమే సరిపోయింది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే. మీవాడికి ఓపిక లేదని, నిలకడ లేదని అనుకోకండి. పక్కన అన్ని పిలుస్తుంటే చేతిలో ఉన్నదాని మీద మనసెలా నిలుస్తుంది?

ఎన్ని బొమ్మలన్నది ఒక ఎత్తయితే ఎలాంటి బొమ్మలన్నది ఇంకో ఎత్తు. పాడే కుక్కపిల్లకు వచ్చింది పాడటం ఒక్కటే. మీట నొక్కడం అయిపోయాక పిల్లాడికి చేయడానికి పని ఉండదు. 10 నుంచి 16 నెలల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి ఆడుకునేటప్పటి మాటలను రికార్డు చేసిన ఒక పరిశోధన 2016లో వచ్చింది. లైట్లు, శబ్దాలు వచ్చే ఎలక్ట్రానిక్ బొమ్మలు ముందున్నప్పుడు పెద్దవాళ్ల మాటలు బాగా తగ్గిపోయాయి. బొమ్మల పుస్తకాలు చూసేటప్పటితో పోలిస్తే పిల్లల పలుకులూ తగ్గాయి. బొమ్మే మాట్లాడుతుంటే మనుషులు ఊరుకుంటారన్నమాట.

మరి ఏం ఇవ్వాలి? తనంతట తాను ఏమీ చేయని వస్తువు ఇవ్వాలి. అట్టపెట్టెలు, పాత దుప్పటి, పొడవాటి గుడ్డముక్కలు, బట్టల క్లిప్పులు, గరిటెలు, మూతలు, చెక్క దిమ్మలు, మీరు వాడని హ్యాండ్‌బ్యాగ్, పనిచేయని కీబోర్డు, కాగితాలు, ఒక పెన్సిల్. వీటికి తోడు ఒక మనిషి బొమ్మ, ఒక జంతువు బొమ్మ ఉంటే చాలు. సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ కళాకారుడు 1971లోనే ఈ సంగతి రాశాడు. అటూ ఇటూ కదపడానికి, కలపడానికి, విడదీయడానికి వీలైన వస్తువులు ఎంత ఎక్కువగా ఉంటే అక్కడ కొత్తది పుట్టడానికి అంత వీలుంటుందని ఆయన వాదన. అప్పుడే పూర్తయిపోయి వచ్చిన బొమ్మలో పిల్లాడు కలపడానికి ఏమీ ఉండదు.

మొన్నామధ్య మా ఇంటికి ఫ్రిజ్ వచ్చిన పెట్టె ఒకటి మిగిలింది. మా మనవరాలు ముందు దాని చుట్టూ తిరిగింది. తట్టి చూసింది. లోపల దూరి అరిచి తన గొంతు తనే విన్నది. అలా చాలాసేపు అరుపులే. "ఇల్లు కట్టుకుందామా?" అని నేను అనలేదు. అని ఉంటే అది నా ఇల్లు అయ్యేది. కాసేపటికి లోపల్నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, "టికెట్" అంది. కాగితం ముక్క ఒకటి ఇచ్చాను. చించి సగం నాకు వెనక్కిచ్చి, "కూర్చోండి, ఇంకో ఇద్దరు ఎక్కాలి" అంది. ఆ ఇద్దరి కోసం ఇద్దరం ఓపిగ్గా ఎదురుచూశాం. వాళ్లు ఎక్కారో లేదో నాకు తెలియదు గానీ, ఇంతలో అది బస్సు కాకుండా పోయింది, లిఫ్ట్ అయింది. నన్ను దిగిపొమ్మంది, "మూడో ఫ్లోర్ వచ్చేసింది కదా!" అని. ఆ పెట్టె చిరిగి పీలికలయ్యేదాకా దాన్ని పారేయనివ్వలేదు.

ఆ అరుపుల భాగం గమనించారా? చూసేవాళ్లకు అది ఆటలా కనిపించదు. కానీ అసలు ఆట దానికి ఆనుకునే వస్తుంది. వస్తువుతో కాస్త పరిచయం పెరగాలి, బోర్ కొట్టాలి, అప్పుడు మొదలవుతుంది. మనం సరిగ్గా ఆ బోర్ దగ్గరే ఫోన్ చేతికిస్తాం. అందుకే మీకు చెప్పేది: "బోర్" అనగానే కంగారుపడి పది సలహాలు ఇవ్వకండి. "అవునా నాన్నా" అని మీ పని మీరు చేసుకోండి. ఓ పావుగంట సణుగుతాడు. భరించండి.

మొదటి రోజుల్లో మరీ కదలకపోతే చిన్న ఏర్పాటు చేయొచ్చు. ఎలుగుబంటి బొమ్మ కాలికి గుడ్డ కట్టి సోఫా మీద పడుకోబెట్టి వదిలేయండి. ఏమీ చెప్పకండి. వాడే చూసి, "దీనికేమైంది?" అంటాడు. "ఏమో, పొద్దున్నుంచీ మూలుగుతోంది, నాకూ చెప్పడం లేదు" అనండి. అక్కడితో ఆగండి. కథంతా మీరే చెప్పేస్తే వాడు ప్రేక్షకుడైపోతాడు.

ఇంకొక్క మాట, టీవీ గురించి. పిల్లాడు చూడట్లేదు కదా, ఊరికే నడుస్తోంది అనుకుంటాం. ఒకటి, రెండు, మూడేళ్ల పిల్లలు ఆడుకుంటున్న గదిలో పెద్దవాళ్ల కార్యక్రమం ఒకటి పెట్టి చూశారు పరిశోధకులు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, పిల్లలు టీవీ వైపు అప్పుడప్పుడూ కాసేపే చూశారు, అయినా వాళ్ల ఆట ముక్కలు ముక్కలైంది, ఏకాగ్రతగా ఆడే సమయం తగ్గింది. కాబట్టి వాడు ఆడుకునే వేళ టీవీ ఆపేయండి. స్క్రీన్ సంగతికొస్తే, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కూర్చుని చూసేది రోజుకు గంట దాటకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు ఆ గంట ఎప్పుడో ముందే ఖాయం చేసి పెట్టుకుంటే రోజంతా బేరాలు ఉండవు.

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తాను. సాయంత్రం ఇంటికి రాగానే మా నాలుగేళ్ల పాప "ఆడుకుందాం రా" అని లాగుతుంది. కూర్చుంటాను. నిజం చెప్పాలంటే ఐదు నిమిషాలకే నాకు నిద్ర వస్తుంది. నేనేదైనా చెబితే "అలా కాదమ్మా!" అని ఏడుస్తుంది. మంచి తల్లిని కానేమో అని బాధగా ఉంది.

జవాబు: ముందు ఆ బాధ పక్కన పెట్టండి. రోజంతా పనిచేసి వచ్చిన మనిషికి నిద్ర రావడంలో తప్పేముంది? పిల్లల ఆటలో పెద్దవాళ్లు గంటల కొద్దీ ఉండనక్కర్లేదు. పది, పదిహేను నిమిషాలు మనసు పెట్టి కూర్చుంటే, తర్వాత తనే కొనసాగిస్తుంది. ఒక్కతే ఆడుకున్నా, బొమ్మతో మాట్లాడుకున్నా అదీ ఆటే.

ఇక "అలా కాదమ్మా" సంగతి. ఆ మాట అన్నదంటే పాప మనసులో కథ స్పష్టంగా ఉందని అర్థం. మీరు ఆ కథలోకి వచ్చారు గానీ నడపడం మొదలుపెట్టారు. ఇది చదువుకున్న తల్లిదండ్రులు ఎక్కువమంది చేసే పని. పాప ఖాళీ గిన్నె తెచ్చి, "టీ తాగండి" అంటుంది. మనం ఏమంటాం? "వావ్, ఈ గిన్నె ఏ రంగు? ఎన్ని గిన్నెలున్నాయి, లెక్కపెట్టు చూద్దాం!" అంతే, టీ అక్కడే చల్లారిపోతుంది. పాప ఇంటికి పిలిచిన చుట్టం హఠాత్తుగా పరీక్ష పెట్టే టీచర్ అయిపోయింది మరి.

దాని బదులు గిన్నె అందుకుని, పెదవులకు ఆనించి, "అమ్మో, కాలుతోంది!" అనండి. చూడండి ఏం చేస్తుందో. ఊదుతుంది. లేదా చల్లనీళ్లు తెస్తానని పరిగెడుతుంది. లేదా "అది టీ కాదు, ఐస్" అని ఒక్క క్షణంలో మార్చేస్తుంది. ఏది చేసినా మీరు సరే అనాలి.

ఇందులో ఎంత తెలివి దాగి ఉందో పెద్దవాళ్లకు తట్టదు. 1993లో పాల్ హ్యారిస్, రాబర్ట్ కావనా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లల ముందు ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మను ఆడించి చూశారు. అది ఖాళీ కప్పులోంచి లేని టీని ఒక జంతువు బొమ్మ మీద ఒంపుతుంది. "తడిసిన బొమ్మను తుడువు" అంటే రెండేళ్లు దాటిన పిల్లలు సరిగ్గా ఆ బొమ్మనే తుడిచారు. నిజానికి అక్కడ ఒక్క చుక్క కూడా లేదు, అన్ని బొమ్మలూ పొడిగానే ఉన్నాయి. కళ్లకు కనపడుతున్నది ఒకటి, మనసులో నడుస్తున్నది ఇంకొకటి. రెండూ కలగాపులగం కాకుండా పట్టుకుని, ఎదుటి మనిషి మనసులో ఏముందో కూడా కనిపెట్టాలి. మీ పాప సాయంత్రం మీతో చేస్తున్న పని అదే. అందుకే మీరు కథ మారిస్తే అంత కోపం.

మీ అలసటకు నా దగ్గర ఒక మంచి ఉపాయం ఉంది. పడుకుని వేయగలిగే వేషాలు అడిగి తీసుకోండి. పేషెంటు, గుహలో నిద్రపోయే ఎలుగుబంటి, రాత్రి రైల్లో ప్రయాణికురాలు, పాపాయి. "నేను పేషెంటంట, నువ్వు డాక్టరంట" అని మొదలుపెట్టి హాయిగా పడుకోండి. పాప ఇంజెక్షన్ చేస్తుంది, మందు రాసిస్తుంది, దుప్పటి కప్పుతుంది. మీరు అప్పుడప్పుడు "డాక్టర్ గారూ, ఇంకా నొప్పిగానే ఉంది" అంటే చాలు. మీరు లేచి వెళ్లాల్సినప్పుడు "ఇక చాలు, పని ఉంది" అని విదిలించకుండా, "డాక్టర్ గారూ, నాకు నయమైపోయింది, డిశ్చార్జి చేస్తారా? తర్వాతి పేషెంటు ఎలుగుబంటిగారు బయట కూర్చుని ఉన్నారు" అనండి. ఆట ఆగదు, మీరు బయటపడతారు. ఇది ఎందరో తల్లులకు చెప్పాను, చక్కగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. "డుమ్మీ" అని ఒక స్నేహితుడు ఉన్నాడంటుంది. ఎవరికీ కనపడడు. భోజనానికి వాడికీ కంచం పెట్టమంటుంది, కారులో వాడికి చోటు వదలమంటుంది. మొన్న గాజు గ్లాసు పగలగొట్టి "డుమ్మీ పగలగొట్టాడు" అంది. మా అమ్మగారు బాగా భయపడుతున్నారు. ఇది అబద్ధాలకు అలవాటు పడటమా, ఏదైనా మానసిక సమస్యా? నాకూ టెన్షన్‌గానే ఉంది.

జవాబు: రెండూ కావండి. అమ్మగారికి ధైర్యం చెప్పండి. అమెరికాలో మార్జొరీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, ఏడేళ్లు వచ్చేలోపు ఏదో ఒక సమయంలో ఇలాంటి ఊహా స్నేహితులు ఉన్న పిల్లలు 65 శాతం అని తేలింది. ఏమీ లేని చోట మనిషిని కల్పించుకున్నవాళ్లతో పాటు, బొమ్మకు పేరు పెట్టి, స్వభావం ఇచ్చి ప్రాణ స్నేహితుడిగా చూసుకున్నవాళ్లు కూడా ఇందులో ఉన్నారు. డుమ్మీ లాంటివాళ్లు చాలా ఇళ్లలో ఉన్నారన్నమాట, పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు.

పాపకు డుమ్మీ నిజం కాదని తెలుసు. టేలర్ తన ఇంటర్వ్యూల గురించి చెబుతూ, తను మరీ శ్రద్ధగా ప్రశ్నలు వేస్తుంటే కొందరు పిల్లలు మధ్యలో ఆగి, ఇది ఉత్తుత్తిదే సుమా అని తనకే గుర్తుచేశారని అంటుంది. కాబట్టి మీరు "డుమ్మీ లేడు, గిమ్మీ లేడు" అని నిరూపించే పని పెట్టుకోకండి. అలాగని మీరే డుమ్మీని పట్టుకుని, "నువ్వు తినకపోతే డుమ్మీ నీతో మాట్లాడడట" అనకండి. వాడు పాప సొంతం. వాడేం అన్నాడో పాపే చెప్పాలి. కంచం పెట్టడం మీకు ఇబ్బంది కాకపోతే ఒక చిన్న మూత పెట్టండి. కుదరని రోజు "ఇవాళ కారులో చోటు లేదు, డుమ్మీని ఒళ్లో కూర్చోబెట్టుకుంటావా?" అనండి. పిల్లలు ఇలాంటి సర్దుబాట్లకు ఇట్టే ఒప్పుకుంటారు.

గ్లాసు సంగతి వేరు. దానికి కోర్టు పెట్టాల్సిన పని లేదు. పెంకులు మీరే ఎత్తేయండి. "సరే, నీళ్లు మాత్రం నువ్వూ డుమ్మీ కలిసి తుడవాలి" అని గుడ్డ చేతికివ్వండి. చేసిన పనికి బాధ్యత తీసుకోవడం అలవాటవుతుంది. పాపను అబద్ధాలకోరు అనలేదు కాబట్టి భయంతో ఇంకో అబద్ధం ఆడాల్సిన అవసరమూ రాదు.

ఎప్పుడు డాక్టర్‌తో మాట్లాడాలంటే: ఆ స్నేహితుడంటే పాపే భయపడుతుంటే, వాడు తనను గానీ ఇంకొకర్ని గానీ దెబ్బకొట్టమంటున్నాడని చెబుతుంటే, తోటి పిల్లలు పిలిచినా పూర్తిగా వాళ్లను వదిలేసి వాడితోనే ఉంటే, నిద్ర, తిండి మారిపోతే. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. డుమ్మీ ఏదో ఒక రోజు చెప్పకుండా వెళ్లిపోతాడు. వెళ్లిపోయిన సంగతి మీరు చాలా రోజుల తర్వాత గమనిస్తారు.

ప్రశ్న: ఈ ఆటల వల్ల తెలివితేటలు పెరుగుతాయని అంటున్నారు. నిజమేనా? వర్క్‌షీట్ల టైం తగ్గించి పాపను ఆడుకోనివ్వమంటారా?

జవాబు: తగ్గించండి. కానీ తెలివి పెరుగుతుందని మాత్రం నేను హామీ ఇవ్వను. 2013లో యాంజెలిన్ లిలార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఉత్తుత్తి ఆటే తెలివిని, సృజనను పెంచుతుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని తేల్చారు. బొమ్మల డబ్బాల మీద "మెదడు వికాసానికి" అని రాసి ఉంటే నమ్మేయకండి.

ఆటలో నాకు కళ్లారా కనిపించింది వేరే. క్లాసులో రెండు నిమిషాలు కుదురుగా నిలబడలేని పిల్లాడు, ఆటలో కాపలా పోలీసు అయితే రాయిలా నిలబడతాడు. లెవ్ విగోట్‌స్కీ అనే సోవియట్ మనస్తత్వ శాస్త్రవేత్త 1933లో చేసిన ఒక ప్రసంగంలో ఇద్దరు అక్కాచెల్లెళ్ల ఉదాహరణ చెప్పాడు. ఐదేళ్లది, ఏడేళ్లది "మనం అక్కాచెల్లెళ్ల ఆట ఆడుకుందాం" అనుకుంటారు. రోజూ ఎలా ఉండేవాళ్లో ఆలోచించని పిల్లలు, ఆటలోకి రాగానే ఒకేలాంటి బట్టలు వేసుకుని, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, అక్కాచెల్లెళ్లంటే ఎలా ఉండాలో అలా ఉంటారు. బయటి నుంచి మనం పెట్టిన నియమం కాదది, వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నది.

అంతకు మించి, ఆడుకోవడం పిల్లల హక్కు. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలోనే ఆ మాట ఉంది. ఒక్క మార్కు పెరగకపోయినా నేను పిల్లల్ని ఆడుకోనివ్వమనే చెబుతాను.

ప్రశ్న: నమస్కారం. మూడు నెలల క్రితం నా భార్య ఆసుపత్రిలో చనిపోయింది. ఐదేళ్ల మనవడు ఆమె దగ్గరే పెరిగాడు. ఇప్పుడు రోజూ ఒకటే ఆట. బొమ్మను పడుకోబెడతాడు, ట్యూబులు పెడతాడు, "చచ్చిపోయింది" అంటాడు, తువ్వాలు కప్పుతాడు. కాసేపటికి లేపి కూర్చోబెడతాడు. మా అమ్మాయి అది చూడలేక కోప్పడుతోంది. నాకూ గుండె బరువెక్కుతోంది. మాన్పించాలా?

జవాబు: నమస్కారమండి. మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మాన్పించకండి. మీరు, మీ అమ్మాయి మాట్లాడుకుని దుఃఖం పంచుకుంటారు. వాడికి అన్ని మాటలు లేవు. బొమ్మ ఉంది, తువ్వాలు ఉంది. ఆసుపత్రిలో వాడికి అర్థం కానిది, వాడి చేతిలో లేనిది చాలా జరిగింది. ఇక్కడ మాత్రం ఎప్పుడు పడుకోబెట్టాలో, ఎప్పుడు లేపాలో వాడే నిర్ణయిస్తాడు.

బొమ్మను మళ్లీ లేపడం చూసి, వీడికి ఏమీ అర్థం కాలేదని బెంగపడకండి. పోయినవాళ్లు తిరిగి రారన్న సంగతి చాలామంది పిల్లలకు ఐదు నుంచి ఏడేళ్ల మధ్యలోనే పూర్తిగా ఎక్కుతుంది. వాడు ఆ దారిలో ఉన్నాడు. ఆటలో బొమ్మ లేస్తే లేవనివ్వండి. ఆట బయట వాడు అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి: "అమ్మమ్మ చనిపోయింది. ఇక రాదు. నాకూ చాలా గుర్తొస్తుంది." నిద్రపోయిందని చెప్పకండి. అలా చెబితే కొందరు పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. ఊరెళ్లిందని కూడా చెప్పకండి, ఎదురుచూస్తాడు.

పిలిస్తే వాడి పక్కన కూర్చోండి. మీకు ఏ వేషం ఇస్తే అది. ఇవ్వకపోతే ఊరికే ఉండండి. కళ్లు చెమరిస్తే దాచుకోనక్కర్లేదు. అమ్మాయికి చూడటం కష్టంగా ఉంటే ఆ కాసేపు పక్క గదిలోకి వెళ్లమనండి, వాడిని మాత్రం కోప్పడవద్దని నా మాటగా చెప్పండి.

సాధారణంగా ఈ ఆట నెమ్మదిగా మారుతుంది. కొత్త పాత్రలు వస్తాయి, డాక్టర్ మారతాడు, మధ్యలో ఇంకేదో ఆట దూరుతుంది. అలా కాకుండా నెలల తరబడి ఇసుమంత మార్పు లేకుండా అదే సాగుతుంటే, ఆడిన ప్రతిసారీ వాడు ఇంకా కలత పడి లేస్తుంటే, పక్క తడపడం, రాత్రుళ్లు ఉలిక్కిపడటం ఎక్కువవుతుంటే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. మీరు కూడా మీ మనసులో మాట చెప్పుకోవడానికి ఒకరిని చూసుకోండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు బొమ్మపాపకు స్నానం చేయించి జోల పాడతాడు. ఆడపిల్లల ఆటలని వాళ్ల నాన్న బొమ్మ దాచేస్తున్నారు.

జవాబు: బొమ్మ తిరిగి ఇచ్చేయమనండి. బాబు నేర్చుకుంటున్నది నాన్న పనే. పాపాయిని ఎత్తుకోవడం, జోకొట్టడం నాన్నలూ చేస్తారుగా. ఒకసారి ఆ బొమ్మకు ఒళ్లు తుడిచే పని వాళ్ల నాన్నకే ఇప్పించండి.

ప్రశ్న: మా బాబుకు రెండున్నరేళ్లు నిండాయి. మీరు చెప్పే ఉత్తుత్తి ఆటలు ఒక్కటీ ఆడడు. కారు తిరగేసి చక్రాలు తిప్పుతూ గంటలు గడుపుతాడు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. మాటలు నాలుగైదు. అబ్బాయిలకు ఆలస్యమవుతుందని అందరూ అంటున్నారు, ఆగమంటారా?

జవాబు: ఆగకండమ్మా. ఈ వారమే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎదుగుదల పరీక్ష చేయమని అడగండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది పిల్లలు ఖాళీ కప్పుతో తాగినట్టు నటించడం, బొమ్మకు తినిపించడం లాంటివి మొదలుపెడతారు. ఒక్కటే లేకపోతే కంగారు అక్కర్లేదు. కానీ మీరు రాసిన మూడు నాలుగు సంగతులు కలిసి ఉన్నప్పుడు చూపించుకోవాలి. ఇది ఫలానా జబ్బు అని నేను అనడం లేదు, ఉత్తరం చూసి ఎవరూ అనకూడదు కూడా. సాయం అవసరమైతే అది ఎంత తొందరగా మొదలైతే పిల్లాడికి అంత మేలు.

ఈలోగా ఇంట్లో వాడి పక్కనే కింద కూర్చుని, మీరూ ఒక కారు చక్రం తిప్పండి. వాడు మీ వైపు చూస్తే మీ కారును కాస్త నడిపి, "బుర్ర్" అని ఆపండి. మళ్లీ చూస్తే మళ్లీ నడపండి. వాడి చేతిలోది లాక్కోకండి. వెళ్లేముందు వాడు ఆడుకుంటున్నప్పుడు ఒక చిన్న వీడియో తీసుకోండి, డాక్టర్‌కు చూపించడానికి పనికొస్తుంది.

ప్రశ్న: పిల్లలిద్దరూ హాల్లో కుర్చీల మీద దుప్పట్లు కప్పి గుడారం కట్టారు. మూడు రోజులుగా విప్పనివ్వడం లేదు. అత్తగారు ఇల్లు సంత అయిందంటున్నారు. ఏం చేయను?

జవాబు: అత్తయ్యగారి మాట కూడా న్యాయమే, హాలు అందరిదీ. అలాగని పిల్లలు కట్టుకున్నదాన్ని వాళ్లు నిద్రపోయాక విప్పేయకండి. మర్నాడు వాళ్లకు అది ఇల్లు కూలినట్టే. గది మూల ఒకటి చూపించి, "గుడారం అక్కడికి మార్చుకోండి, అక్కడైతే ఆదివారం దాకా ఉండొచ్చు" అని చెప్పండి. మార్చే పని వాళ్లతోనే చేయించండి, అదే ఒక పూట ఆట అవుతుంది. వీలైతే అత్తయ్యగారిని లోపలికి పిలవమని పిల్లలకు చెప్పి చూడండి. వంగి లోపలికి వెళ్లిన పెద్దవాళ్లు తర్వాత అంతగా గొణగరు.

గుడారం విషయంలో మీరు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. దుప్పటిని తాళ్లతో కట్టొద్దు, మెడకు చుట్టుకుంటాయి. క్లిప్పులు వాడండి. మీదకు పడే బరువులేవీ పైన పెట్టనివ్వకండి. లోపల దీపం కావాలంటే బ్యాటరీ లైటు ఇవ్వండి గానీ, ఆ బ్యాటరీ మూత స్క్రూతో బిగించి ఉండాలి. గుండీ అంత ఉండే బ్యాటరీని పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అలా జరిగిందని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ప్లాస్టిక్ సంచులు ఆట సామాన్లలో ఉండకూడదు. చిన్నది మూడేళ్ల లోపుదైతే, సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టిపోయే వస్తువేదీ లోపలికి పంపకండి, గొంతులో ఇరుక్కుంటుంది. ఇవి చూసుకుని, టార్చిలైటు వాళ్ల చేతికిచ్చి మీరు బయటికొచ్చేయండి. పిలిస్తే వెళ్లండి.